నూతిలో ఆగిపోయిన ఆట

2006 జూలై. విశాఖపట్నం ఒడ్డుకి మూడు మైళ్ల దూరంలో, తొమ్మిది నెలలుగా లంగరు ఎత్తని సరుకు ఓడ. భోజనాల గదిలో ఉన్న ఒక్క కంప్యూటరు ముందు సన్నీ, పక్క స్టూలు మీద అర్జునరావు. ఇద్దరూ డెక్కు మీద పనిచేసేవాళ్లే.

"సచ్చేను. మళ్లీ సచ్చేను బావా! ఒక్క దెబ్బ. ఒక్కటంటే ఒక్క దెబ్బకి..."

"ఎనక్కి పోతావేటిరా సన్నీ? ఎనక్కి పోతే ఆడి సేతిలో గంట తగుల్తాదని వందసార్లు సెప్పేను."

"ముందుకి పోతే తొక్కేత్తన్నాడు. ఎనక్కి పోతే గంటతో మోత్తన్నాడు. మరెక్కడికి పోవాల?"

"కాళ్ల మజ్జికి."

"ఎవుడి కాళ్ల మజ్జికి?"

"ఆ రాచ్చసుడి కాళ్ల మజ్జికి. నా కాళ్ల మజ్జికనుకున్నావేటి?"

"టైమెంతయింది?"

"రెండున్నర. లాంచీ నాలుగింటికి. నువ్వు గడియారం సూడకు, ఆట సూడు."

"సూడకుండా ఎలగ బావా? తొమ్మిది నెల్లకి డెక్కు పనికి ఒక్క మనిషిని పంపుతన్నారు. ఆడు ఎక్కితే ఇక్కణ్ణించి ఒకడు దిగాల. సీటొకటి, మనం ఇద్దరం."

"అందుకే గదా పందెం. ఆ రాచ్చసుడు కాసే గేటు ముందెవుడు దాటితే ఆడే దిగుతాడు. కెప్టెను కూడా మీలో మీరే తేల్సుకోండన్నాడు."

"నాలుగు లోపల నాను దాటకపోతే?"

"బొమ్మా బొరుసూ."

"వద్దు బావా, వద్దు. నా రాత నాకు తెల్సు. బొమ్మంటే బొరుసు పడతాది."

"అయితే నోరు మూసుకుని నడువు. సత్తే మళ్లీ సేవ్ సేసిన దీపం కాడినుంచే గదా. గెడ్డ నీట్లోంచి పోకు, మొసళ్లుంటాయి."

"ఈ దిక్కుమాలిన ఆటలో ఇదేటి రూలు? పది నిమిషాలు నడిచెల్లడం, ఒక్క దెబ్బకి సావడం, మళ్లీ పది నిమిషాలు. ఎటెల్లాలో సెప్పడు, ఏది ముట్టుకోవాలో సెప్పడు. ఇంగిలీషులో ఏదో గొణుగుతాడు, ఆఖర్న సంపుతాడు."

"మరెందుకు ఆడతన్నావు?"

"ఎందుకంటే..."

"సెప్పు."

"కనిపించిన కొండల్లా ఎక్కొచ్చు బావా. అదీ. అదిగో ఆ కొండ, మన యారాడ కొండలాగున్నాది, మొన్న ఊరికే ఎక్కేను. పైన ఏటీ నేదు, ఓ మేకుంది. అంతే. అయినా ఎంత బాగున్నాదో! ఎవుడూ ఆపడు. ఎంత దూరమైనా పోవచ్చు. ఓడలో అయితే నూటిరవై అడుగులేత్తే రైలింగు. ఎనక్కి తిరిగి నూటిరవై ఏత్తే మళ్లీ రైలింగు."

"లెక్కెట్టేవేటి?"

"రోజూ లెక్కెడతాను. పొద్దున్న ఓపాలి, సాయంత్రం ఓపాలి. ఎదురుగా ఒడ్డు. రిఫైనరీ పొగ కూడా కనపడతాది. ఆ పొగ కిందే మా మల్కాపురం. మా ఇంటిది పప్పు పోపెడితే వాసనొత్తాదేమోనని ముక్కు ఎగరేసి సూత్తాను."

"ధనశ్రీకి ఎన్నో నెల?"

"తొమ్మిది నిండింది, ఇయ్యాలో రేపో. అప్పలసూరి మామ మొన్న తెచ్చిన ఉత్తరంలో రాసింది, కాళ్లు వాసేయంట."

"ఎడంపక్కకి తిరుగు. ఎడంపక్క. ఆ బండ మీద ఎక్కితే గుర్రం ఇరుక్కుపోద్ది."

"నాకో మాట సెప్పు బావా. మీ మామ పడవ ప్రెతి ఆదివారం మన ఓడ పక్కకే ఒత్తాది. ఎండుసేపలు తాడుకి కడతాడు, ఉత్తరాలు కడతాడు. నువ్వు ఆ తాడుట్టుకుని దిగిపోతే అరగంటలో మీ అమ్మ గంగాలమ్మ సేపల బుట్ట పక్కన ఉంటావు. ఎందుకు దిగవు?"

"దిగితే ఓడ ఒదిలేసి పారిపోయేడంటారు. సీమెన్ బుక్కు లాగేత్తారు, ఇంకే ఓడా ఎక్కనివ్వరు. ఓనరు బాకీల మీద కోర్టు కేసు తేలేదాకా ఇంతమంది ఓడ మీదుండాలని రూలు. ఒకడు తక్కువయితే మిగతావోళ్లకి చిక్కు."

"రూలు! ఓనరు పత్తా నేడు. రూలు మనకి."

"సర్లే. అదిగో, ఒచ్చేడు నీ సుట్టం."

"ఒచ్చేడు. ఒరే గంటోడా, ఈపాలి నువ్వో నానో!"

"గంట ఎత్తేడు, ఎల్లు! కాళ్ల కిందకి ఎల్లు!"

"ఎల్లేను, ఎల్లేను... కొట్టేను! సూసేవా, కొట్టేను! రెండు... మూడు..."

"అత్యాశ వద్దు. మూడు సాలు. బయటికి రా."

"ఇంకొక్కటి కొడితే..."

"రా అన్నానా!"

"సచ్చేను."

"అత్యాశ."

"నువ్వు మాటాడకు బావా. నీ ఆటలో నువ్వింకా నూతిలో ఉన్నావు. నూతిలో ఉన్నోడు గట్టు మీదోడికి బుద్ధులు సెప్పకూడదు."

"నవ్వు, నవ్వు."

"నవ్వనా మరి? తాడు నేకుండా ఆ నూతిలో దిగకూడదని సంటిపిల్లలకి కూడా తెలుత్తాది. దిగేవు. దిగి, అడుగునున్న దీపం ముట్టుకుని సేవ్ సేసేవు! ఇంక ఎన్నిసార్లు తెరిసినా నూతిలోనే. మరింక పైకెలగొత్తావు?"

"ఏం సెయ్యమంటావు? జనరేటరు ఆపేత్తారని కంగారు పడ్డాను. ఏ దీపం కనపడితే అది ముట్టేసుకున్నాను."

"మొదట్నించి ఆడొచ్చు గదా? నీ వంతు కరెంటు టైము కూడా నాకే ఇచ్చేసేవు."

"ఓపిక నేదురా. నడువు."

"ఏరా, ఇంకా అవ్వలేదా మీ పందెం?"

"అదిగో, సెకండ్ ఇంజినీరు గారే ఒచ్చేరు. దండాలు కృష్ణంరాజుగారూ! ఇంకో గంట ఉంచండి సార్ జనరేటరు. మీకు పుణ్యముంటాది."

"పుణ్యంతో జనరేటరు నడవదు సన్నీ. డీజిలు కావాలి. మూడున్నరకి ఆపేస్తాను. ముందే చెప్తున్నాను, తరవాత నన్ననకండి."

"ఇప్పుడు సెప్తన్నారు! ఆ రోజు సెప్పకుండా ఆపబోయేరు కాబట్టే గదా, మా బావ నూతిలో ఉండిపోయేడు."

"నేనా? చెప్పకుండా నేనెప్పుడాపేనయ్యా? ఈ తొమ్మిది నెలల్లో ఒక్కనాడైనా..."

"సరే సరే రాజుగారూ, అయిపోయిందాని ఊసెందుకు? మీ టీ సల్లారిపోతంది, ఎల్లండి."

"ఏమిటయ్యా ఈ నూతి? నాకేం తెలీదు మరి. మూడున్నర. గుర్తుంచుకోండి."

"ఎల్లేడు. బావా, ఈడు అబద్దం ఆడేడు సూసేవా?"

"పెద్దాయన, మర్చిపోయుంటాడు. గుర్రం దిగు. అక్కణ్ణించి నడక."

"బావా."

"ఊ."

"నువ్వు పందెం ఎట్టిన రోజు నాను రైలింగు ఎక్కేసి ఉన్నాను."

"ఆ ఊసొద్దన్నాను."

"లైఫ్‌జాకెట్టు ఏసుకున్నాను. ఒక కాలు అవతల కూడా ఏసేసేను. మూడు మైళ్లే గదా, ఈదేత్తాను, రూలేదైతే అదవుద్ది అనుకున్నాను. ఎనకాల్నించి నువ్వొచ్చి, ఒరే సన్నీ, ఆటాడతావా, పందెం, గెలిసినోడే ముందు ఒడ్డుకి దిగేది, అన్నావు. ఆ టైములో ఆటేటి, పందెమేటి! నవ్వొచ్చీసింది."

"మూడు మైళ్లు కాదురా, నీకు మూడు ఫర్లాంగులు కూడా అవ్వదు. ఆ నెల్లో ఇక్కడ నీటి లాగుడు ఉత్తరానికుంటాది. జాకెట్టున్నా మనిషిని బీమిలి దాటించి పట్టుకుపోద్ది. ఆ తరవాత దొరికినా ఏం దొరుకుతాదో నాను సెప్పను. మా నాయనది సేపలవేటే. నాకు తెల్సు."

"ఇప్పుడు ఈదనులే. ఇప్పుడు లాంచీ ఉన్నాది."

"గేటు దాటితే."

"దాటితే. అదిగో ఒచ్చేడు."

"ఊపిరి పీల్సుకో. సేతులు దులుపుకో. ఇదే ఆఖరనుకో."

"గంటెత్తేడు..."

"కాళ్ల మజ్జికి!"

"ఎల్లేను. ఒకటి. రెండు. మూడు. బయటికి..."

"బాగుంది! మళ్లీ. ఒకటి, రెండు, మూడు, బయటికి. అదీ నా తండ్రి! మోకాలి మీద పడ్డాడు. ఇప్పుడు గంట ఒదిలేసి నోట్లోంచి మంటేత్తాడు, మంట ఆగీవరకూ ఆ రాయి ఎనకాల దాక్కో."

"మంటా? ఈడికి మంట కూడా ఉన్నాదా?"

"దాక్కో ముందు!"

"అమ్మో! నిజిమే! బావా, నువ్వు ఆడి గంట దెబ్బ దాకానే ఒచ్చేవన్నావు, మంటేత్తాడని నీకెలగ తెల్సు?"

"సీఫ్ కుక్కు సెప్పేడు."

"సీఫ్ కుక్కుకి కంప్యూటరు ఆన్ సెయ్యడమే తెల్దు."

"ఆడి కొడుకు ఆడతాడంట! ఎదర సూడరా, మంట ఆగింది! లగెత్తు! మెడ మీద! మెడ మీద కొట్టు!"

"కొడతన్నాను... కొడతన్నాను... కొడతన్నాను..."

"ఆపకు!"

"పడ్డాడు."

"పడ్డాడు."

"బావా, పడ్డాడు! పడ్డాడు బావా! గేటు తెరుసుకుంటంది! సూడు, తెరుసుకుంటంది!"

"సూత్తన్నానురా. నా సెవి ఒగ్గీ, ఊడిపోద్ది."

"ధనశ్రీ, ఒచ్చేత్తన్నానే! ఒచ్చేత్తన్నాను!"

"దీపం ముట్టుకో ముందు. అదీ. టైము మూడూ పది. ఎల్లి పెట్టె సర్దుకో."

"సర్దడానికేటుంది, రెండు సొక్కాలు. బావా... నువ్వు ఏడుత్తన్నావేటి?"

"పొగ."

"వంటగదిలో పొయ్యే ఎలగలేదు."

"అయితే సంతోసం. ఇదిగో, ఈ మూట మా అమ్మాయి అనూరాధకియ్యి. గవ్వల దండ, ఓ ఉత్తరం. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయిందంట గదా, ఇంకేటివ్వగల్ను ఇక్కణ్ణించి? మా అమ్మకి సెప్పు, రోజూ సాయంత్రం ఒడ్డుకొచ్చి ఎర్ర గుడ్డ ఊపద్దని. మోకాళ్ల నొప్పులు. దుర్బీనులో నాకు కనపడతంది, సాలు."

"ఈ మూట ఎప్పుడు కట్టేవు?"

"పొద్దున్న."

"పొద్దున్నా? పొద్దున్నకి నాను ఇంకా గెలవలేదు గదా. బొమ్మా బొరుసులో నువ్వే గెలిత్తే?"

"నాలుగింటికి కంగారని ముందే కట్టేను. ఎల్లరా, బేగి ఎల్లు."

"ఉండు. ఇంకా ఇరవై నిమిషాలు కరెంటుంది. నీకోటి సేసి ఎల్తాను."

"ఏటి?"

"నిన్ను నూతిలోంచి పైకి తీత్తాను."

"వద్దు."

"నీకు తెల్దు బావా. మొన్న నా ఆటలో కనిపెట్టేను. ఆ నూతి అడుగున దీపం ఎనకాల రాయి గుల్ల. కత్తితో కొడితే సొరంగం తెరుసుకుంటాది. నాను ఒడ్డునుంటాను, నువ్విక్కడ ఒక్కడివీ ఉంటావు. కనీసం ఆ కొండలైనా ఎక్కుతావు. నూతిలో కూకుంటే పిచ్చెక్కుద్ది."

"ఒకళ్ల ఆట ఒకళ్లు తెరవకూడదని పందెంలోనే అనుకున్నాం."

"పందెం అయిపోయింది గదా."

"సన్నీ, వద్దన్నాను. సెయ్యి తీయి."

"సిగ్గెందుకు బావా? ఏదీ, అర్జునరావు... ఇదిగో..."

"ఒరే!"

"బావా. ఇదేటి?"

"ఆట కట్టీ."

"నుయ్యేదీ? నీవోడు నూతిలో నేడు. గేటు అవతల నిలబడ్డాడు. రాచ్చసుడి గంట ఈడి సేతిలో ఉన్నాది."

"కట్టీమన్నానా."

"కింద తారీకుంది. ఏప్రిలు పన్నెండు. మనం పందెం ఏసింది మే ఇరవై. నెల ముందే... నెల ముందే గెలిసీసేవు నువ్వు! నుయ్యి నేదు, ఏటీ నేదు! ఇన్నాళ్లూ నన్ను ఎర్రోణ్ణి సేసేవు!"

"అరవకు. రాజుగారింటారు."

"విననీ! సీటు నీది బావా. నాను ఎక్కను. నీ కూతురు పరీచ్చ పాసయింది, మీ అమ్మ గుడ్డ ఊపుతంది, నాను నీ సీటులో ఎలగ కూకుంటాను? ఎల్లి కెప్టెనుకి సెప్పేత్తాను."

"కూకో! నాను ఇంకో తొమ్మిది నెల్లుండగల్ను. నువ్వుండలేవు. అది నీకూ తెల్సు, నాకూ తెల్సు. ఇందులో తేల్సడానికేటీ నేదు. అయినా సీటెవుడిదిరా? పందెం ఏసిన్నాడు సీటెక్కడుంది? లాంచీ ఒత్తాదని అప్పుడెవుడికి తెల్సు?"

"మరి నేని సీటుకి, గెలిసీసిన ఆట మీద, పందెమెందుకేసేవు?"

"అప్పటికి నీ రెండో కాలు ఇంకా రైలింగుకి ఇవతలే ఉన్నాదిరా. అది కూడా అటెల్లిపోకుండా నా నోటికేదొత్తే అది అనేసేను."