చేప కడుపులో జర్మన్ బాకు

జీవరాజు చెప్పినవన్నీ నమ్మితే సికింద్రాబాదుకు ఈపాటికి ఓడరేవు కూడా వచ్చి ఉండేది. మోండా మార్కెట్ పక్కన చాయ్ హోటల్‌కు వచ్చే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. జకర్యా సారుకూ తెలుసు. అయినా 1984లో ఒక ఆదివారం సాయంత్రం ఆయన మల్కాజ్‌గిరి నుంచి బస్సెక్కి వచ్చి మరీ జీవరాజు ఎదురుగా కూర్చున్నాడు.

రిటైరైన టీచరు జకర్యాకు పాతకాలపు జర్మన్ నౌకాదళ ఆఫీసర్ల బాకులు సేకరించే పిచ్చి. ఇరవై ఏళ్లు తిరిగితే దొరికినవి మూడు. అందులో బాగా ఇష్టమైనదాన్ని కిందటేడు ఆయన భార్య రోసమ్మ పాత చెంబులతో కలిపి స్టీలు సామాన్లవాడికి వేసి ఒక బకెట్ తీసుకుంది. ఒర ఇత్తడిది కదా, అదీ పాత సామానే అనుకుంది. అప్పటి నుంచి ఆ బకెట్‌లో నీళ్లు పోసుకున్నప్పుడల్లా సారు ప్రాణం ఉసూరుమంటోంది. జీవరాజు దగ్గర అలాంటిదే ఒకటి ఉందని ఇత్తడి పని చేసే బ్రహ్మచారి అనే ఆయన చెప్పగానే ఆగలేక వచ్చాడు.

బాకు బల్ల మీదే ఉంది. తెల్లటి పిడి, పైన చిన్న కిరీటం. చూడగానే తనదే అనిపించింది. కానీ ఆ రకం బాకులన్నీ ఒక్కలాగే ఉంటాయి. నాదే అంటే జీవరాజు ఊరుకుంటాడా? సారు చాయ్ చెప్పి, ఇది ఎక్కడిదని మాత్రం అడిగాడు.

“విశాఖపట్నం పోయిన,” జీవరాజు షురూ చేశాడు. “మోకాలు లోతు నీళ్లల్ల నిలబడ్డ. కాలికి ఏందో తగిలింది. వంగి తీసిన. గిదే. గంతే.”

“గంతేనా?” అన్నాడు పక్కనే కూర్చున్న బ్రహ్మచారి.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

“గంతే అంటే గంతేనా? కాలికి తగిలింది బాకు గాదు, చాప తోక. పట్టి గుంజిన. అది నన్ను గుంజింది. గట్ల మూడు దినాలు గుంజుకున్నం, నడుమ అన్నం తినెతందుకు ఆగినం అనుకో. ఆఖరుకు ఒడ్డుకు తెస్తే తోక నా చేతుల ఉంది, తల భీమిలిల ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది నోరు తెరిచింది, నేను లోపటికి పోయిన. ఆడ ఒక జర్మన్ ఆఫీసరు కుర్సీ ఏసుకొని కూసున్నడు. మొదటి యుద్ధంల ఓడ మునిగినప్పటిసంది డెబ్బై ఏండ్లు గాడనే. నన్ను చూసి లేచి సలాం కొట్టిండు.”

“ఏ భాషల మాట్లాడిండన్నా?” అడిగాడు బ్రహ్మచారి.

“జర్మన్‌ల. నాకు గా పూటకు వచ్చింది, బయటికొచ్చినంక పోయింది. ‘జీవరాజూ, నీకోసమే చూస్తున్న, తీస్కో’ అని చేతుల వెట్టిండు. ఆయన చెయ్యి తర్వాత నా చెయ్యే. నడుమల ఇంకో మనిషి చెయ్యి దీనికి తగల్లే. జర్మనీ సర్కారోళ్లు జాబు రాసిన్రు, బాకు ఇస్తే ఓడ ఇస్తమని. బోయిన్‌పల్లిల మా గల్లీల ఆటో తిరుగుడే తక్లీఫ్, ఓడ యాడ పెట్టాలె? వద్దన్న.”

జకర్యా గ్లాసు కింద పెట్టాడు. ఇంకో మనిషి చెయ్యి తగల్లేదన్న ఆ ఒక్క మాట కోసమే ఆయన కాచుకుని కూర్చున్నది.

“జీవరాజన్నా, ఆ కిరీటం తిప్పితే ఊడుతది, తెలుసా?”

జీవరాజుకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఆయన ఇంటా వంటా లేదు. “తెల్వకేంది,” అన్నాడు.

బ్రహ్మచారి బాకు అందుకుని, తుండుగుడ్డతో కిరీటం పట్టి తిప్పాడు. మర ఊడింది. లోపల మడిచి కుక్కిన కాగితం ఒకటి బయటపడింది. విప్పితే అది చర్చిలో సభ్యులకు నెలనెలా ఇచ్చే చందా కవరు. బాకు తన ఇంట్లో ఉన్నప్పుడు కిరీటం వదులై కదులుతుంటే ఒక ఆదివారం ఆరాధన నుంచి రాగానే సారే దాన్ని మడిచి అక్కడ బిగించాడు.

బ్రహ్మచారి దాని మీద రాసింది పైకే చదివాడు. “సభ్యుని పేరు, జకర్యా. మల్కాజ్‌గిరి.”

జీవరాజు ఏమంటాడోనని ఎవరూ నవ్వలేదు. ఆయన ఖాళీ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

“గా ఆఫీసరు పేరు సుత జకర్యానే,” అన్నాడు.

సారుకు కోపం రావాలి, రాలేదు. ఏడాదిగా మోస్తున్న దిగులు దిగిపోయింది. చెయ్యి చాచాడు.

“అవునన్నా, నేనే. చాపల ఉండి ఉండి పరేషానయ్యి మల్కాజ్‌గిరిల ఇల్లు తీస్కున్న. ఇగ నా బాకు నాకియ్యి.”