కొలతల మామ టేపు

అదా? ఆ మేకుకున్న టేపా? తుప్పుముక్క అనకే మనవరాలా, నేనివాళ నీ ఎదుట కూచున్నానంటే దాని చలవే. మా మేస్త్రిది. కొలతల మామ అనేవాళ్లం. పోయి ముప్ఫైయేళ్లయింది. మనిషి గట్టిగా అయిదడుగులుండడు, నోరు మాత్రం... నవ్వకు, విను. మేడలు కట్టేవాళ్లం, పడితే పట్టి ఆపేందుకు భుజాల బెల్టుకి తాడు కట్టుకునేవాళ్లం. పొద్దున్నే ప్రతివాడి తాడూ కొలిచిగానీ పైకెక్కనివ్వడు. టీ చల్లారిపోనీ, వాన రానీ, కొలవాల్సిందే. మాకు ఒళ్లు మండేది.

అప్పటికి మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులోనే ఉంది. నాకేమో పొగరు బోలెడు. పన్నెండడుగుల ఎత్తున పరంజా పలక మీద నిలబడి, తాడు నా కాళ్ల దగ్గరి గొట్టానికి కట్టా. "బెల్టుంది, తాడుంది, ఇంకేం కావాలి మామా?" అన్నా. భోజనాల వేళకి మామ నా పాత చొక్కాలో, ప్యాంటులో ఇసక కుక్కి, పాత బెల్టొకటి తొడిగి, నా తాడులాంటిదే కట్టి, అందరూ చూస్తుండగా అక్కణ్ణుంచే తోశాడు. ధబ్! నేల మీద. "చూశావా అల్లుడూ? తాడు ఆరడుగులు. పడ్డప్పుడు కుదుపు తగ్గించే మడత కుట్లు విచ్చుకుని సాగేది మూడు. దాని కింద వేలాడే నువ్వు అయిదు. మొత్తం పద్నాలుగు. నీకున్నవి పన్నెండు. తాడు ఆపేలోపే నేల ఆపుతుంది నిన్ను." ఒకటే నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయింది. తాడు తలపై దూలానికి మార్చాననుకో, కానీ తొమ్మిది రోజులు ఆయన మొహం చూడలేదు.

పదోరోజు కాళ్లకింద పలక జారింది. అమ్మో, ఇప్పటికీ తల్చుకుంటే... తాడు లాగిపట్టింది. కిందికి చూద్దును కదా, నా బూట్ల కింద ఇనప చువ్వలు, నిటారుగా. ముందురోజే పాతారు. తోటి పనివాళ్లు నిచ్చెన తెచ్చేలోపు మామ వచ్చి, నా బూటుకీ చువ్వ మొనకీ మధ్య టేపు పెట్టాడు. మూరెడు. ఇదిగో, ఇంతే. తిడతాడనుకున్నా. దింపాక నన్ను వాటేసుకుని, "నేలదాకానే లెక్కేశానురా అల్లుడూ, చువ్వలొచ్చాక మళ్లీ కొలవలేదు, తప్పు నాదే" అని ఏడ్చాడు. ప్రాణం నిలబెట్టినవాడు తప్పు నాదంటాడేమిటే! ఏమిచ్చి తీర్చుకుంటాం అలాంటివాళ్ల రుణం...

ఊఁ. సరేగానీ, రేపు నువ్వేదో కప్పెక్కి సోలార్ పలకలు బిగించాలన్నావుగా? ఆ టేపిలా తే. నీ తాడెంత? కింద ఏముంది? నేల అనకు. నేల మీద ఏముంది?