గంగరాజు మేస్త్రి చెయ్యని తప్పు

అమ్మలారా, అయ్యలారా! గని పని ఆపి, బండ్లు బాగుచేసే ఈ షెడ్డు ముందు ఇంతమంది కూర్చున్నారు. మన మెకానిక్కు గంగరాజు మేస్త్రి గారు పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. చీపురుపల్లి నుంచి వచ్చిన పెద్దలకు, మేస్త్రి గారి భార్య బుల్లమ్మ గారికి నమస్కారం.

నేను డ్రైవరు ఎర్రన్న కూతురిని, స్టోర్సులో గుమస్తాని. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు. మేస్త్రి గారంటే నాకు అసూయ. అది ఎందుకో మీకు తెలియాలి.

లోడుతో బండిని ఏటవాలులో దించే ముందు మా నాన్న ఎవరిని అడిగేవాడు? మేస్త్రి గారిని. అన్నం తింటూ ఎవరి మాట చెప్పేవాడు? మేస్త్రి గారి మాటే. నేను ఇంగ్లీషు పుస్తకం చదివి చెబితే నవ్వేవాడు. "ఒసే, బండి దగ్గితే పుస్తకానికి ఇనిపిస్తాదేటి? మేస్త్రికి ఇనిపిస్తాది" అనేవాడు. నిజమే. బ్రేకుల గాలి మీటరు ముల్లు లేచే తీరు చూసి ఆయన, "దీనికి ఊపిరాడతన్నాది కాదు" అనేవారు. ఫిల్టరు విప్పితే నిండా నల్లటి మాంగనీసు ధూళి!

అంతలో మా నాన్నకు కొత్త డంపరు లారీ వచ్చింది, ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో ఉన్నది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు తన చిన్న ఫిల్టరుతో పీల్చేది. అది రోజూ మూసుకుపోయేది. ఇంజను పెద్ద ఫిల్టరు నుంచే దానికీ గాలి ఇద్దామన్నారు మేస్త్రి గారు. గొట్టం ఎక్కడ కలపాలి? టర్బోకు ముందా, టర్బో గాలిని నొక్కి పంపిన తర్వాతా? పుస్తకం చూడమని నన్నడిగారు. మొదటిసారి నన్నడిగారు! బొమ్మ చూసి, టర్బో తర్వాతే కలపాలన్నాను. ఆ బొమ్మ వేరే రకం కంప్రెసరుది. కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. నేను చదవలేదు.

నొక్కిన గాలి మన కంప్రెసరుకు ఎక్కువైంది. వేడెక్కి నూనె కక్కింది. నాలుగో రోజు పొద్దున్న బ్రేకుల గాలి ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదులుతూ మేస్త్రి గారు వేళ్లు వాసన చూసుకున్నారు. నూనె వాసన! ఆ నూనె వాల్వుల్లో చేరితే బ్రేకు పట్టదు. మా నాన్న అప్పుడే లోడుతో దిగబోతున్నాడు. మేస్త్రి గారు బండి ఆపేశారు. గొట్టం తీసి ఫిల్టరుకు, టర్బోకు మధ్య కలిపారు. అక్కడ గాలి శుభ్రంగా ఉంటుంది, ఒత్తిడి ఉండదు. బండి ఆగిందని మేనేజరు అందరి ముందూ కేకలేస్తే, "నానే తప్పుగా బిగించీసినాను బాబూ" అన్నారు. నా వైపు చూడనైనా లేదు.

ఆ సాయంత్రం మా నాన్న, "మేస్త్రి కూడా తప్పు సేసీసినాడే" అని దిగులుపడ్డాడు. నాకేమనిపించిందో తెలుసా? సంతోషం! తర్వాత, నా తప్పు అంత తేలిగ్గా మోసిన ఆయన మనసు మీద కూడా అసూయపడ్డాను. రెండేళ్లు నోరు విప్పలేదు. పాడె మోసి వచ్చిన రోజు కూడా మా నాన్న అన్నాడు, "ఆ ఒక్క తప్పూ లేకపోతే దేముడే" అని.

నాన్నా, ఆ తప్పు నాది. బుల్లమ్మ గారూ, నాదే.

ఇంత చెప్పినా మా నాన్న నన్ను చూడడం లేదు. మేస్త్రి గారి పటాన్నే చూస్తున్నాడు. చూడనివ్వండి. అసూయగానే ఉంది, కానీ అది ఆయనకు దక్కవలసిన చూపు.

అందరూ లేవండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఆయన కోసం నిలబడదాం.