గుమ్మి మూత

తలుపెయ్యకు సైదా! నా మొఖం మీదనే తలుపేస్తవా? ఇరవై ఏండ్లసంది గోడకు గోడ ఆనుకోని బతుకుతున్నం, ఒక్కనాడన్న ఏసినవా? తిట్టు. పోనీ తిట్టు, పడ్త. తిట్టవు గూడ. గీ మాట్లాడకపోవుడే నన్ను సంపుతాంది.

జరుగు, నేను గూడ కూసుంట. ఇంత చింతపండు ఒక్కదానివి ఎప్పుడు కొడ్తవు? మిరుగం వస్తాంది, వాన పడకముందే కుండలకెత్తాలె గద. ఇటియ్యి గా రాయి. నువ్వు పలకకు, నేనే మాట్లాడ్త.

నీ షుకూర్ నాలుగు రోజులసంది సక్కగ అన్నం తింటలేడట గద. నాకెరుకే తల్లీ. మేడ్చల్ టేషన్ కాడ జట్కాలోళ్లంత ఎక్కిరిస్తున్నరట. "ఏం షుకూర్ భాయ్, ఇయ్యాల కొరడ గుర్రానికా, పెండ్లానికా?" అని. గుర్రం మీద గూడ కొరడ ఎత్తనోడాయె! "చల్ బేటా, చల్" అని గుర్రాన్ని బతిలాడుకుంట తోలెటోడాయె! గసొంటోని మీద గీ నింద. నాకే కడుపు మండుతాంది, నీకెంత మండుతుండాలె.

అవును, నా బిడ్డనే జేసింది. కాదంటలేను. మొదటిసంది చెప్పనియ్యి, అటెనుక తలుపు మూసుకో.

మా రాహేలు బీయే అయినంక మేడ్చల్ మిషన్ బడిల పాఠాలు చెప్పుకుంట ఉన్నది గద. సక్కగున్నది, ఇగ సాలు అనుకున్న. లేదు, ఇంక సదువుతనన్నది. ఏం సదువే అంటె సోషల్ వర్కు అన్నది. గదేందే అంటె, "కష్టంల ఉన్నోళ్ల ఇంటికి పోవాలె అమ్మా. తలుపు కొట్టాలె, కూసోవాలె, ఏమైందని అడగాలె, దానికో తొవ్వ సూడాలె. గా సదువు" అన్నది.

నాకు నవ్వాగలే. ఓసి పిచ్చిదాన, ఒగలింటికి పోయి తలుపు కొట్టనీకె రెండేండ్ల సదువెందుకే? గదేమన్న విద్యనా? మస్తు నవ్విన. అది గూడ నవ్వింది. నవ్వింది గని ఇడువలే.

రెండు బళ్లకు రాసింది. ఒకటి బొంబాయి, ఒకటి ఢిల్లీ. రెండు రమ్మన్నయి! ఒక్క వారంల, ఒకదానెనుక ఒకటి ఉత్తరాలు. నేను వాడకట్టంత బెల్లం పంచలేదా? నీకు పిడికెడు ఎక్కువనే పెట్టిన.

ఇగ ఎటు పోవాలె? నువ్వే చెప్పు. బొంబాయి అంటె దానికి పానం. రెండేండ్లసంది నిద్రల గూడ గదే కలవరింత. పాత బడట, పేరున్న బడట, మిల్లు కూలోళ్ల వాడలల్లకు తీస్కపోయి పని నేర్పుతరట. రైలెక్కితె తెల్లారెటాళ్లకు ఆ ఊళ్లె ఉంటది. మరి ఢిల్లీ? మొన్న మొన్న పెట్టిన బడి. రెండు రోజుల తొవ్వ. దేశాన్ని రెండు ముక్కలు జేస్తమని రేడియోల చెప్పిండ్రని, ఆ దిక్కంత కొట్లాటలే అని, టేషన్ల విని వచ్చి చెప్పింది నీ షుకూరే గద! గసొంటి దిక్కుకు ఒక్క ఆడివిల్లను ఎవ్వలన్న తోలిస్తరా?

మొన్న సోమారం నా ముందట కూసోని, "అమ్మా, నేను ఢిల్లీనే పోత" అన్నది.

ఎందుకే? "ఊరికెనే." బొంబాయికేమైందే? "ఏం కాలే." నా దిక్కు సూస్తె ఒట్టు. పొయ్యిల కట్టెను ఎనుకకు ముందుకు జరుపుకుంట కూసున్నది. టప్పాల ఎయ్యమని కవరు నా చేతుల పెట్టింది. గిదిగో, గిదే. ఢిల్లీకి వస్తున్న, బొంబాయికి పోను, అని రాసిన ఉత్తరం. మూడు రోజులసంది రొండిల చెక్కుకోని తిరుగుతున్న. టప్పా డబ్బ ముందట్నుంచి రెండుసార్లు పోయిన, ఎయ్యలే.

రాహేలు రాసిన కాయితం సంగతి నువ్వు సగమే విన్నవు. బొంబాయోళ్లు ఫారం తోని ఇంకొకటి అడిగిండ్రు. నీకు ఎరుకైన ఒక ఇంటి కష్టం రాసి పంపు, అన్నరు. ఢిల్లీ వాళ్లు గసొంటిదేం అడగలే, మార్కులు సూసి రమ్మన్నరు. ఇది బొంబాయికి కూసోని రాసింది. షామీర్‌పేటల సైదా అని ఒకామె, ఆమె మొగడు జట్కా తోల్తడు, తాగొచ్చి కొడ్తడు, అని. గా బడి పెద్దమ్మ సదివి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నదట. గట్ల ఉత్తరంల రాసింది.

అది బొంబాయిలనే పడుంటె ఇంత రాద్ధాంతం ఎక్కడిది! పంపకముందు తప్పులు దిద్దుమని యోబు పంతులుకు ఇచ్చింది గద, గా చిత్తు కాయితం ఆయన కాడనే ఉండిపాయె. ఆయనకు సంబురమైతె కడుపుల ఆగదు. పోయిన ఆదివారం చర్చిల నిలవడి, "మన జక్కయ్య ఉపదేశి బిడ్డ ఎంత బాగ రాసిందో వినుండ్రి" అని తెలుగు జేసి సదివిండు. పేరు తోని సహా! అట్ల పాకింది మీ గుమ్మం దాక. పాపం ఆయనకు జర్రంత గూడ తోచలే, ఊళ్లె నిజంగనే ఒక సైదా ఉన్నది, ఆమెకొక షుకూర్ ఉన్నడు అని.

అయ్యింది చాలదన్నట్టు, తెల్లారి సోమారం ఇంకో ఉత్తరం. గా పెద్దమ్మ ఏదో పని మీద పట్నం వచ్చిందట. బేస్తారం, అంటె రేపే, మేడ్చల్‌ల రైలు దిగుతదట. రాహేలును సూస్తదట. "ఆ సైదాను గూడ ఒక్కసారి చెయ్యి పట్టుకోని పలకరించాలె" అని రాసింది. నీ చెయ్యి పట్టుకుంటదట!

ఉత్తరం సదివినంక రాహేలు మొఖం సూడాలె నువ్వు. పది నిమిషాలు గూడ కాలే, ఢిల్లీకి జవాబు రాసింది.

ఏంది గట్ల సూస్తవు? నీ పేరే ఎందుకు పెట్టిందనా? గదొక్కటి అడిగిన. సైదా పేరే దొరికిందానె నీకు, అన్న. అది ఏమన్నదో వింటవా? "ఎవ్వలకు భయపడని మనిషి పేరు పెడితె గని నా చెయ్యి కదల్లేదమ్మా" అన్నది. నీ అసొంటి పేరు కావాల్నట. తప్పే. మస్తు పెద్ద తప్పు. గని పేరు, జట్కా, గివే మీయి సైదా. కష్టం నీది కాదు.

ఎవ్వలిదని అడుగు. అడగవా?

ఆదివారం నేను మొదటి వరసల కూసున్న. యోబు పంతులు సదువుతాండు, మొగడు కొడ్తడు, పెండ్లాం పడ్తది. అయ్యో పాపం అనుకున్న. నేను! ఎవ్వల కథనో అన్నట్టు, పైట తోని కండ్లు గూడ ఒత్తుకున్న. ఇగ అప్పుడు సదివిండు. "భర్త అడుగుల చప్పుడు వినగానే ఆ తల్లి ఆరేళ్ల బిడ్డను జొన్నల గుమ్మిలో దించి మూత పెట్టేది. ఇది దాగుడుమూతల ఆట, చప్పుడు చేయకు, అనేది. బిడ్డ జొన్నల్లో కూర్చుని చెవులు మూసుకునేది."

నా గుమ్మే సైదా. మా ఇంట్ల ఆ మూలకున్న గుమ్మే. దాన్ని ఎత్తి దించిన చేతులు ఇయ్యే. సూడు.

మా ఆయన తాగకపోతుండె. చర్చిల వాక్యం చెప్పే ఉపదేశి గద. ఒక్కనాడు కల్లు ముంత ముట్టలే. తాగి కొడితె తాగిండని చెప్పుకుందును గద! పొద్దుగూకంగ ప్రార్థన జేసుకునేటోడు. బైబిలు గుడ్డల సుట్టి పైన పెట్టేటోడు. తెల్లంగి ఇడిచి, మడత పడకుండ దండెం మీద ఏసేటోడు. అటెనుక కొట్టేటోడు. ఎందుకని అడగకు. ఎందుకో ఎరుకైతె నేను సక్కజేసుకోకపోదునా? కూరల ఉప్పెక్కువైందని గూడ కాదు.

ఒక్కసారి పోయిన. పిల్లను సంకకేసుకోని లాల్‌గడి మలక్‌పేట దాక నడుసుకుంట, మా అన్న మోషే ఇంటికి పోయిన. "జక్కయ్య ఉపదేశి మీద చాడీలా? నోరు పడిపోతది" అని గా పూటనే బండి కట్టి తోలిచ్చిండు. ఇగ మళ్ల ఎవ్వలకు చెప్పలే.

పైంగ పొగిడిన. మా ఆయన దేవుడసొంటోడు, అని బావి కాడ చెప్పలేదా నీకు? ఆయన సచ్చిపోయిననాడు ఊరంత వింటుంటె "నా దేవుడు పోయిండు" అని ఏడ్వలేదా? నువ్వే గద నా చెయ్యి పట్టుకున్నవు. చర్చి గోడల ఆయన పేరు చెక్కిన రాయి పెడ్తాంటె, నేనే దానికి పూలదండ ఏసిన.

పిల్ల ఆటనే అనుకున్నదనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకోని బతికిన. కొట్టుడైపోయి ఆయన బయటికి పోంగనే మూత తీసి, "దొరికినవ్, దొరికినవ్" అని నవ్వెటిదాన్ని. పెదివి పలిగి నెత్తురు కారుతుంటె పైట అడ్డం పెట్టుకోని నవ్వెటిదాన్ని. అది గూడ కిలకిల నవ్వేది. చెవులు మూసుకున్న పిల్ల, అంత ఎరుకైన పిల్ల, నాకోసం నవ్వింది సైదా! ఆరేండ్ల పిల్ల!

గుమ్మి మాట మేమిద్దరం ఇప్పటిదాక అనుకోలే. నేను అడగలే, అది చెప్పలే. గని ఢిల్లీ ఎందుకో నాకు అర్థమైంది. పెద్దమ్మ వస్తె సైదాను సూపియ్యాలె, లేకుంటె నిజం చెప్పాలె. నిజం చెప్తె నాయిన పేరు పోతది, అమ్మ పరువు పోతది. గందుకని పానం అసొంటి బొంబాయిని ఇడిసిపెట్టి, కొట్లాటల్లకైన పోత గని నోరిప్పను, అని కూసున్నది. అప్పుడు నేను దాన్ని దాపెట్టి మూత పెట్టిన. ఇప్పుడు అది నన్ను దాపెట్టి మూత పెడ్తాంది.

నాకొద్దు. లోపల ఊపిరాడ్తలేదు సైదా.

గందుకే వచ్చిన. రేపు పొద్దుగాల షుకూర్‌ను జర బండి కట్టమను. నేనే టేషన్‌కు పోత. రైలు దిగంగనే చెప్త. "అమ్మా, నువ్వు సూడాలనుకున్న ఆడిది సైదా కాదు, నేను. ఈ బండి తోలెటాయన అసొంటోడు కాదు. ఆయన బంగారం" అంట. ఆదివారం చర్చిల గూడ చెప్త, గా రాయి పక్కన్నే నిలవడి చెప్త. షుకూర్ మీద పడ్డ మచ్చ నేనే కడుగుత. మోషే అన్న ఇంకోసారి నోరు పడిపోతదంటె అననీ. ఇన్నేండ్లు మూసుకున్న నోరు, పడిపోయినా కొత్తగ పోయేదేంది?

సీటు తీసేస్తరేమో. అబద్ధం రాసిందని తీసేస్తె తీసేసిరి, ఢిల్లీ ఉండనే ఉన్నది. ఈ కవరు మళ్ల దాని చేతుల్నే పెడ్త. బొంబాయి పోతవా పో, ఢిల్లీ పోతవా పో, నీ మనసున్న దిక్కు పో బిడ్డా. నన్ను దాపెట్టనీకె మాత్రం ఎటు పోకు, అంట.

ఇంత చెప్తి, నువ్వు జర్రంత బిత్తరపోతలేవేంది? జక్కయ్య ఉపదేశి కొట్టేటోడంటె "యా అల్లా" అనన్న అనవేంది? సైదా. తలెత్తు. ఇటు సూడు.

ఏందీ?

నీకెరుకనా?

ఎప్పటిసంది? నువ్వు పెండ్లయి వచ్చిన నెలసందా? ఆ గోడ అవతలికి... అన్నీ ఇనవడేదా? షుకూర్‌కు గూడ ఎరుకనా? ఇంకెవ్వలకు? వాడకట్టంతనా?

మరి నేను గడప తాకింది, బర్రె తన్నింది అని చెప్తాంటె, "అవునా అక్కా, పైలం అక్కా" అనుకుంట అందరు తలలూపేటోళ్లు గద! తెలిసే ఊపిండ్రా? నువ్వు పొద్దుపొద్దుగాల్నే సల్ల ముంత పట్టుకోని వచ్చేదానివి. గీ పిల్ల రోజు ఎందుకొస్తదబ్బ అనుకునేదాన్ని. గందుకా?

నిన్ననలే, చెల్లె. పద్నాలుగేండ్ల కొత్తకోడలివి, నీకేం చాతనైతది. సల్లన్న తెచ్చినవు. గని ఇంత పెద్ద వాడకట్టు, ఇంతమంది పెద్దమనుషులు... ఒక్కలన్న, ఒక్కనాడన్న వచ్చి తలుపు కొట్టకపోయిరి గద.

ఏడ్వకు. ఇప్పుడు ఏడ్సి ఏం లాభం? ఆ గంప ఇటు జరుపు, ఇంక సగం గూడ కాలే.

బండి మాట మర్సిపోకు. జల్దీ కట్టమను.

రాహేలును ఎక్కిరిచ్చిన సూడు, తలుపు కొట్టనీకె రెండేండ్ల సదువెందుకే అని. నవ్విన సూడు.

సదవాలె కావచ్చు.