మూత లేవకుండా

భర్తల దెబ్బలు తాళలేక ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్ళను ఎవరికీ తెలియని ఇళ్ళలో దాచే సంస్థ అది. దాని ఆఫీసులో వెనక గది, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. ఒక దాంట్లో సంస్థ నడిపే అక్క, ఇంకో దాంట్లో కంప్యూటరు పని చూసే తమ్ముడు. మధ్యాహ్నం నుంచీ వాదించుకుంటున్నారు, ఇద్దరూ తగ్గేలా లేరు.

"అన్నీ తెరవక తప్పదక్కా. ఒక్కసారి తెరిచి మళ్ళీ మూసేస్తా. అంతే."

"ఎందుకు తెరవాలి?"

"కీ మారుస్తున్నాం కదా."

"పోయినసారీ మార్చాం. అంతకుముందూ మార్చాం. ఒక్క పేరు బయటికి రాలేదు. ఇవాళ కొత్తగా ఏం పుట్టుకొచ్చింది?"

"అదీ... ఈసారి కొంచెం వేరే పద్ధతి."

"నీళ్ళు నమలకు. ఈ కంప్యూటర్లో ఒక్కో మనిషి అడ్రసూ వివరాలూ ఒక్కో పెట్టెలో ఉన్నాయి. ఒక్కో పెట్టెకి ఒక్కో చిన్న కీ. ఆ చిన్న కీలన్నిటినీ పెద్ద కీతో బిగించాం. ఇవాళ మారేది ఆ పెద్ద కీ ఒక్కటే. చిన్నవి పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి పోతాయి, పెట్టె మూత లేవదు. ఇది నాకు నేర్పిందెవరు?"

"నేనే."

"మరి నేర్పినవాడివే మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. సరే, అన్నీ వద్దులే. ఒక్కటి. ఒక్క పెట్టె తెరుద్దాం."

"ఎవరిది?"

"సరిగ్గా మారిందో లేదో చూసుకోవాలిగా. ఏదో ఒకటి."

"ఏదో ఒకటైతే పరీక్షకని పెట్టుకున్న ఉత్తుత్తి పెట్టె ఉంది. అది తెరువు."

"అది కాదక్కా."

"మరేది?"

"చిన్నక్కది."

"అనుకున్నా. నువ్వు గదిలోకి వస్తుంటేనే అనుకున్నా. ఇంత పెద్ద ఇంజనీరువయ్యావు, అక్క దగ్గర అబద్ధమాడటం మాత్రం ఇంకా రాలేదు."

"ఎలా ఉందో ఏమో అని, అంతే. ఏ ఊళ్ళో ఉందో, ఏ ఇంట్లో ఉందో..."

"నాకు మాత్రం తెలుసా? సొంత చెల్లెలు, నాకూ తెలీదు. తెలియకూడదనే కదా ఇళ్ళు చూసే పని మన సంస్థ లాయరమ్మకి అప్పజెప్పాం. నన్ను పట్టుకుని చావగొట్టినా నా నోట్లోంచి రాకూడదని."

"ఒకవేళ అవసరం పడితే?"

"ఏం అవసరం?"

"ఊరికే. ఇల్లు మార్చాల్సొస్తే..."

"ఎందుకు మార్చాలి?"

"ఊరికే అన్నానక్కా."

"ఆ మనిషి పంపాడా నిన్ను?"

"ఎవరు?"

"ఎవరేంట్రా. మీ చిన్నబావ."

"ఛ. ఆయనెందుకు పంపుతాడు."

"నా మొహం చూసి చెప్పు."

"చూస్తున్నాగా. ఆయన పంపలేదు. చిన్నక్క అడ్రసు నేనెవరికీ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి."

"పోయిన వారం మీ ఇంటికొచ్చాడట."

"వచ్చాడు. ఏడ్చాడు. కాళ్ళ మీద పడ్డాడు. మానేశాడట, చుక్క కూడా ముట్టట్లేదట."

"నమ్మావా?"

"చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది ఆయనేనక్కా."

"దాని ఎడమ చెవి పోగొట్టిందీ ఆయనే. ఆసుపత్రిలో పక్కన కూర్చున్నది నేను, నువ్వు కాదు. 'అక్కా, ఇటు వైపుకొచ్చి మాట్లాడు' అంది. జరుగు. కీబోర్డు ఇలా ఇవ్వు."

"నేను చేస్తాలే."

"నీ సగం నువ్వు కొట్టు చాలు. పాత పెద్ద కీ పనిచెయ్యాలంటే నీ సగం, నా సగం రెండూ కావాలి కదా. ఆఁ, కొట్టావా? ఇప్పుడు నాది. కళ్ళు అటు తిప్పు."

"తిప్పా."

"పోయినసారీ ఇలాగే తిప్పావా?"

"తిప్పా... తిప్పానక్కా. కొత్తదానికి నా సగం ఎప్పుడు కొట్టాలి?"

"అక్కర్లేదు."

"అదేంటి?"

"కొత్తదాంట్లో నీకు సగం లేదు. లాయరమ్మకిచ్చాం. పొద్దున్నే వచ్చి తన సగం పెట్టేసి విమానం ఎక్కింది."

"నన్ను తీసేశావా?"

"ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చావు చూడు, అప్పుడే నిన్ను నువ్వే తీసేసుకున్నావు. కోపం తెచ్చుకోకు."

"కోపం కాదక్కా. ఆవిడ ఎప్పుడు దిగుతుంది?"

"రాత్రికి. అప్పటిదాకా ఫోన్ కూడా కలవదు. నీకెందుకు?"

"అయితే రాత్రిదాకా ఆగుదాం. ఇప్పుడొద్దు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"అక్కా, ఆగు. పాత కీ ఈ ఒక్క రోజుకీ ఉండనీ. చెరపకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"వదులు."

"ఒక్క పెట్టెక్కా. ఒక్కటే."

"చెయ్యి తియ్యరా!"

"అక్కా..."

"అయిపోయింది. అన్నీ కొత్తదాంట్లోకి వెళ్ళాయి, ఒక్క మూత లేవలేదు. పాతది చెరిపేశా. ఇక లాయరమ్మ పక్కన లేకుండా నువ్వూ తెరవలేవు, నేనూ తెరవలేను. హమ్మయ్య. ఇవాళైనా కంటినిండా నిద్రపోతా. ఏంట్రా, ఏడుస్తున్నావా?"

"లేదు."

"అనుమానించానని బాధా? తర్వాత నన్ను ఎన్నైనా తిట్టుకో. దానికోసం భరించు."

"చిన్నక్క దగ్గర ఫోనుందా?"

"లేదు. ఏ ఇంట్లోనూ ఉండనివ్వం. నీకు తెలీదూ?"

"పక్కింటివాళ్ళకైనా చెయ్యలేమా?"

"ఇల్లే తెలియనప్పుడు పక్కిల్లేంట్రా? ఏమైందో చెప్పు. ముందు నా వైపు చూడు."

"ఆయన అడ్రసు చెప్పమన్నాడు. చెప్పలేదక్కా. నీకు తెలియకుండా ఏ పెట్టే తెరవనని పనిలో చేరినప్పుడు మాటిచ్చా కదా. తెరవలేదు. నీ మీద ఒట్టు."

"మంచి పనే చేశావు."

"తెరవకుండా... మొత్తం కాపీ తీసి ఇచ్చేశా, నా దగ్గర ఇంకోటి ఉంచుకోలేదు. పాత కీ కూడా. నీ సగం పోయినసారి చూశా. పెట్టె నేను తెరవకుండా ఉంటే మాట తప్పినట్టు కాదనుకున్నా. ఒక్కసారి కలిసి క్షమాపణ అడుగుతానన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడక్కా."

"మొత్తమా? అందరివీనా? ఎంతమంది ఆడవాళ్ళురా అందులో!"

"ఆయనకి తెరవడం చేతకాదని ఏ మూలో ఆశ. ఎవరితోనో తెరిపించాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. 'దొరికిందిరా, బయల్దేరుతున్నా' అన్నాడు. మాట ముద్దగా వస్తోంది. తాగి ఉన్నాడు."

"ఎక్కడికి? ఎక్కడికి బయల్దేరాడ్రా?"

"అది చెప్పకుండానే పెట్టేశాడక్కా. అందుకే ఆ ఒక్క పెట్టె తెరవమన్నా."