ఎసరు

హలో… ఆ, నేనే. మీ బావనే.

…

చెయ్యి తగిలి పోయిన కాల్ కాదు. నేనే చేశాను. నువ్వెత్తేలోపు పెట్టేశాను.

…

ఎవరూ పోలేదు. పోవాల్సిన మనిషి పోయి రెండేళ్ళయింది. మీ అక్క పోయిన రోజు నుంచీ మనకి మాటల్లేవు, నిజమే. ఇప్పుడూ కబుర్లకి చెయ్యలేదు. ఒకటి అడగాలి.

…

చెల్లెమ్మ పక్కనుందా?… స్పీకర్లో పెట్టావా? తీసెయ్.

తీశావా?

…

నువ్వు ఆ క్రెడిట్ కార్డు అప్పులోంచి ఎలా బయటపడ్డావు?

…

వినిపించింది కదా. మళ్ళీ అడిగించకు.

…

దుకాణానికొచ్చే ఒకాయనకి కావాలట.

…

…సరే. నాకే.

…

నవ్వు. నవ్వుకో. నలుగురిలో నిన్ను 'వాయిదాల రాయుడు' అన్నది నేనే. నీ స్కూటరు చూసి, 'చక్రాలు బ్యాంకువి, హారనొక్కటే మనవాడిది' అన్నదీ నేనే. ఆ రోజు నవ్వినవాళ్ళంతా రేపు నన్ను చూసి నవ్వుతారు. అందుకే ఇంకెవర్నీ అడగలేదు.

…

ఎంతో చెప్పను. కుట్టుమిషన్లు రెండూ అమ్మినా తీరదు. అంత.

…

ఏం కొన్నానా?… ఏమీ కొనలేదు.

…

పేకాటా? నోరు కడుక్కో. తాగుడూ లేదు.

…

తిన్నాను.

…

అన్నం! ఎదురు హోటల్లో. పొద్దున టీ దగ్గర్నుంచీ అన్నీ అక్కడే. కార్డు గీకడం, తినడం. నీకు స్కూటరైనా మిగిలింది. నేనేం అమ్మాలి? తిన్నది తిరిగిస్తానంటే హోటలాయన పుచ్చుకుంటాడా?

…

కట్టకపోవడమేంటి! నెలనెలా కట్టాను. 'కనీసం కట్టవలసినది' అని ఒకటి వస్తుంది చూడు, అది. ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. వాళ్ళకి రావాల్సింది అంతేననుకున్నాను.

…

ఆ. అది వడ్డీకే చాలదట. బ్యాంకులో ఆ అమ్మాయి చెప్పింది. వయసులో నా మిషన్ కంటే చిన్నది ఆ పిల్ల. గట్టిగా చెప్పింది. నా వెనక ఇంతమంది నిలబడి ఉన్నారు.

…

ఎక్కణ్ణుంచి కట్టానంటే… దుకాణం ఖాతాలోంచి. నా డబ్బైపోయినా అది ఇస్తూనే ఉంది. ఓవర్‌డ్రాఫ్టు.

…

తెలుసు. ఒక గొయ్యి పూడ్చడానికి ఇంకో గొయ్యి. నాకేం చెప్తావు, అందులోంచే మాట్లాడుతున్నాను. ఇప్పుడదీ ఆగిపోయింది. అద్దె చెక్కు తిరిగొచ్చింది. మళ్ళీ తిరిగొస్తే దుకాణం ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. నేనుండే వెనక వాటా కూడా దుకాణంతోనే పోతుంది. వేలెడంత కార్డు, నా కొంపకి ఎసరు పెట్టింది.

…

వద్దు. డబ్బు వద్దు. ఆస్పత్రిలో నువ్విచ్చిన డబ్బు, అప్పు తెచ్చిన డబ్బని నీ మొహాన కొట్టాను. ఇప్పుడు ఏ మొహంతో పుచ్చుకోను? జామీను సంతకమూ వద్దు. నువ్వడిగినప్పుడు నేను పెట్టలేదు. నేనూ అడగను. దారి చెప్పు, చాలు.

…

ఊఁ… ఊఁ… రెండూ కలిపి ఒకే అప్పు చేయించుకోవాలి. వడ్డీ తక్కువ. నెలకింతని…

వాయిదాలా?

…

అను. అనెయ్. వాయిదాల రాయుడని.

…

అనవా.

అన్నా బావుండేది.

…

కార్డు కత్తిరించెయ్యాలా? ఇప్పుడేనా?… చేతిలో ఉన్నది గుడ్డ కత్తెర.

…

ఆ, అదే. దాంతో గాలిపటం కాగితం కోశావని నీ వీపు చీరేశాను… నాకూ గుర్తుంది. నువ్వు ఏడవలేదు. మీ అక్క ఏడ్చింది.

ఉండు.

…

విన్నావా?… ముక్కలైంది. పదును పోయే ఉంటుంది. పోనీ.

ఇంకేం చెయ్యాలి?

…

ఇంట్లో వండుకోవాలా? పొయ్యి పాడైంది.

…

సిలిండరు ఉంది… పైపూ బాగానే ఉంది.

…

లేదు. పాడవలేదు. పొయ్యి బాగానే ఉంది.

వెలిగించలేదు, అంతే. మీ అక్క శుభ్రంగా తుడిచిపెట్టి ఆస్పత్రికెళ్ళింది. అలాగే ఉంది… అడక్కు.

…

నువ్వెందుకు ముక్కు చీదుతున్నావు? చెల్లెమ్మ వింటుంది.

…

రేపు బ్యాంకుకి నువ్వెందుకు? మేనేజరుతో మాట్లాడ్డం నాకు తెలియదా?

…

తెలియదు. సరే, రా. ముందు దుకాణానికి రా. నీ చొక్కా ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇస్త్రీ చేసిస్తాను.

…

ఎదురు హోటలాయన చెయ్యూపుతున్నాడు. భోజనం వేళ కదా… రానని ఊపాను. జ్వరమొచ్చిందనుకుంటాడు.

…

వెళ్తున్నా. వంటింట్లోకే వెళ్తున్నా.

బియ్యమున్నాయి. నిన్న తెచ్చాను, చేతి డబ్బుతోనే. తెచ్చి గడప దగ్గరే పెట్టేశాను.

…

అగ్గిపెట్టె కనపడట్లేదు.

…

ఏ డబ్బా?… టీపొడి డబ్బాలోనా? నీకెలా తెలుసు?

…

చిన్నప్పట్నుంచీ అక్కడేనా. నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదులే.

ఉంది.

…

వెలిగింది.

…

ఏం లేదు. పొగ.

నీళ్ళెన్ని పొయ్యాలి?… గ్లాసుకి రెండు. ఊఁ.

ఇదిగో, పెట్టేస్తున్నా…

ఫోన్ కాదురా. ఎసరు.

…

ఫోను గట్టు మీద పెడుతున్నాను, రెండు చేతులూ కావాలి. నువ్వు మాత్రం పెట్టెయ్యకు. నీళ్ళు మరిగేదాకా ఉండు.

…

ఉన్నావా?