ఆమె మడిచిన పారాచూట్

రెండో ప్రపంచయుద్ధం నాలుగో ఏడు. ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లోని బాంబర్ విమానాల స్థావరంలో, పారాచూట్లు మడిచే గదిలో, ఆ అమ్మాయి పొడవాటి బల్ల మీద పట్టుగుడ్డ సరిచేస్తుంటే సార్జెంటమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

“అది వదిలెయ్. ఇవాళ్టి నుంచి నీకు వంటశాలలో పని. బంగాళాదుంపల చెక్కు తియ్యి.”

“నేనేం తప్పు చేశానండీ? నేను మడిచింది ఒక్కటైనా తెరుచుకోకుండా పోయిందా?”

“నీ మడతల గురించి కాదులే. విల్ఫ్‌తో సినిమాకెళ్ళావు, వారంలో పోయాడు. ఐవర్‌తో డాన్సుకెళ్ళావు, వాడూ పోయాడు. నీ చెయ్యి తగిలితే చావేనని విమానాల్లో వెళ్ళే కుర్రాళ్ళు గోల పెడుతున్నారు.”

“జర్మన్లు కూలిస్తే నా చెయ్యేం చేస్తుందండీ? మన స్థావరంలో నేను ఎరగనివాళ్ళు ఎంతమంది పోవట్లేదు?”

“జర్మన్లని వంటశాలకి మార్చలేను కదమ్మా! నిన్ను మార్చమన్న అర్జీ మీద ఇరవై సంతకాలున్నాయి.”

“హెడ్లీ పెట్టి ఉండడు. శనివారం మా పెళ్ళి.”

“మొదటి సంతకం అతనిదే.”

ఆమె వేళ్ళు పట్టు మీదే ఆగిపోయాయి.

“అబద్ధం. పొద్దున్న అతని పారాచూట్ నేనే మడిచి చేతికిచ్చాను. నవ్వుతూ తీసుకున్నాడు.”

“ఆ నవ్వుతోనే తెచ్చి నా ముందు పడేశాడు. శనివారం దాకా బతకాలనుందట.” సార్జెంటమ్మ చంకలోని పారాచూట్ మూటను బల్ల మీదకి నెట్టింది. “దీన్ని ఇంకొకళ్ళు మళ్ళీ మడుస్తారు. ముందు నువ్వు విప్పిపెట్టి వెళ్ళు. నీ ముడి విప్పమంటే ఇక్కడ ఒక్కతీ ముందుకి రావట్లేదు.”